జాకెట్టు చేతి కోసం పధ్నాలుగు యాప్‌లు

బొమ్మలు గీసే యాప్‌లు మూడు వారాల్లో పధ్నాలుగు దించుకున్నాను. పదమూడు తీసేశాను. మిగిలిన ఒక్కదాన్ని నమ్ముకుని నందిగామ వెళ్తే అదీ పనికిరాదని తేలింది. ట్యాబ్లెట్ మీద గీయాలని ఎవరైనా అనుకుంటుంటే వాళ్ళకి ఉపయోగపడుతుందేమోనని ఇది రాస్తున్నాను. రాస్తే నా కోపం తగ్గుతుందేమోనన్న ఆశ కూడా ఉంది.

మాది జగ్గయ్యపేట. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగి. పెళ్ళయిన కొత్తలో నేను విజయవాడలో ఒక ఆఫీసుకి వెళ్ళేదాన్ని. పాప పుట్టాక మానేశాను. ఏడాది తిరిగాక మళ్ళీ చేరదామనుకుంటుండగా పాపకి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతాయని డాక్టరు చెప్పారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఆ రోజు దాని కళ్ళు పైకి తేలిపోవడం చూశాను. ఇప్పుడు దానికి మూడేళ్ళు నిండినా ఎవరి దగ్గరా ఒక పూట వదల్లేను. నిద్రపోతుంటే అరగంటకోసారి నుదురు తాకి చూస్తాను. నాకు పని కావాలి. అయితే అది ఇంట్లో కూర్చుని, పాప నా కళ్ళెదుట ఉండగా చేసుకునేది కావాలి. అలాంటి పని మా ఊళ్ళో ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇవ్వరనే అనుకున్నాను. బంధువుల పెళ్ళికి జాకెట్టు మీద మగ్గం వర్కు చేయించుకోవడానికి నందిగామలో ఒక షాపుకి వెళ్ళినప్పుడు, నాకు కావలసిన హంస ఎలా ఉండాలో మాటల్లో చెప్పలేక ఒక కాగితం మీద గీసి చూపించాను. షాపు నడిపే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. అందరూ అక్కా అనే పిలుస్తారు. ఆ కాగితాన్ని తీసుకుని వెలుతురులోకి వెళ్ళి చూసింది.

"ఎవరు నేర్పారమ్మాయ్?"

"ఎవరూ నేర్పలేదక్కా. చిన్నప్పట్నుంచీ గీస్తానంతే."

"మాకు డిజైన్లేసే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు వచ్చినోళ్ళందరూ ఫోన్‌లో ఏదో ఫోటో చూపించి ఇట్టాంటిదే కావాలంటారు. ఊరంతా ఒకే నెమలి! నువ్వొక పెళ్ళి బ్లౌజుకి వేసుకురా చూద్దాం. రెండు చేతులూ, వెనక మెడా. మూడు వారాలకి గురువారం ఆ బట్ట మగ్గం ఎక్కాలి. నచ్చిందా, ఇహ మా షాపు డిజైన్లన్నీ నువ్వే వెయ్యి. ఇంటి దగ్గర కూర్చునే వేసి ఫోన్‌లో పంపెయ్."

"నచ్చకపోతే?"

"విజయవాడలో ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఇచ్చేస్తా. సీజన్ ముందు నేను ఆగలేను తల్లీ."

ఆవిడ మాటల్లో 'ఇంటి దగ్గర కూర్చునే' అన్నది తప్ప బస్సులో నాకింకేమీ గుర్తు లేదు.

ట్యాబ్లెట్ ఇంట్లోనే ఉంది. ఆఫీసు పనికని మా ఆయన పెన్నుతో సహా కొన్నారు. అందులో ఆయన క్రికెట్ తప్ప ఏమీ చూడగా నేను చూడలేదు. దాన్ని స్వాధీనం చేసుకుని, మంచి యాప్ ఏదో కనుక్కుందామని వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అక్కడే నా మొదటి వారం పోయింది. ఒక్కో వీడియో ఇరవై నిమిషాలు. అందులో సగం సేపు ఆ అబ్బాయి తన చానెల్‌ని ఎంత కష్టపడి నడుపుతున్నాడో చెబుతాడు. చివరికి అందరూ కలిసి ఒకే యాప్‌ని ఆకాశానికెత్తారు. అది మా ట్యాబ్లెట్‌లో రాదు. వేరే కంపెనీ ట్యాబ్లెట్ కొనుక్కుంటేనే వస్తుంది.

"రాదని తెలిశాక కూడా దాని వీడియోలే చూస్తావేంటి?" అన్నారు మా ఆయన.

"దాన్లో ఏమున్నాయో తెలిస్తే కదండీ, మనకొచ్చేదాన్లో ఏం లేవో తెలిసేది!"

"స్టార్లు ఎక్కువున్నది తీసుకో, గొడవ వదిలిపోద్ది."

"అన్నిటికీ నాలుగున్నరే ఉన్నాయి."

"అయితే అన్నీ మంచివే."

"మీకు డ్యూటీ టైమయింది, వెళ్ళండి."

ఒక యాప్ తెరవగానే నా పుట్టినరోజు అడిగింది. ఇంకొకటి నేను వృత్తి కళాకారిణినా, విద్యార్థినా, సరదాకి గీస్తానా అని అడిగి, ఏది నొక్కినా ఒకే పేజీకి తీసుకెళ్ళింది. ఒకదాంట్లో లేయర్లు మూడే ఇచ్చారు. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరుచుకునే పల్చటి గాజు కాగితాల్లాంటివి. నెమలి ఒకదాని మీద, తీగ ఇంకొకదాని మీద గీసుకుంటే, తీగ చెరిపినా నెమలి చెడదు. నా డిజైనులో నెమలి, తీగ, అంచు, బుటీలు ఉన్నాయి. నాలుగోది కావాలంటే డబ్బు కట్టమంది. మరొకటి అన్నీ ఉచితమే అంది. తీరా బొమ్మని సేవ్ చేసి దాచుకుంటే నెమలి మెడకి అడ్డంగా తన పేరు రాసుకుంది. ఇంకోటి దాచిన ప్రతిసారీ ఒక ఆట ప్రకటన వేసేది, అదీ బాంబులు పేలే చప్పుడుతో. నేను గీసేది పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడు. బాంబు పేలగానే పాప లేచేది. ఆ రోజుకి నా పని అయిపోయినట్టే.

వీటన్నిటికంటే పెద్ద తప్పు నేనే చేశాను. పిల్లలు గీసుకునే యాప్ ఒకటి పొరపాటున దించాను. అందులో ఏనుగుకి రంగు వేస్తే అది ఘీంకరిస్తుంది. పాప చూసేసింది. అప్పట్నుంచీ ట్యాబ్లెట్ దానిదే, నేను అడిగి తీసుకోవాలి. తెర ఎంతసేపు చూస్తే కళ్ళు పాడవుతాయో చదివి భయపడేదాన్ని. చదివేది ఫోన్‌లో. పాప నా వెనక నుంచి ఫోన్ కూడా చూసేది.

ఏనుగుని తీసేసినా పాప ఊరుకోలేదు. నేను గీస్తుంటే పక్కన చేరి చెయ్యి మొత్తం తెర మీద పెట్టేది. ఈ యాప్‌లలో రెండు వేళ్ళతో తాకితే చివరి గీత చెరిగిపోతుంది. మూడు వేళ్ళతో ఒకదాంట్లో చెరిగింది తిరిగొస్తుంది, ఇంకొకదాంట్లో అన్నీ పోతాయి. అయిదు వేళ్ళతో తాకితే ఏమవుతుందో ఎవరూ ఎక్కడా రాయలేదు. అంచు మొత్తం ఎటో పోయిందని నాకు తెలుసు.

రెండో వారం చివరికి నాకు కావలసినవేమిటో తేల్చుకున్నాను. ఒకటి, నెమలి మెడలో నీలం పచ్చలోకి జారిపోయేలా నీటిరంగు కుంచె ఉండాలి. రెండు, అద్దం ఉండాలి. జాకెట్టుకి రెండు చేతులుంటాయి. రెండు చేతుల మీదా నెమళ్ళు ముందుకే చూడాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ చూస్తే పెళ్ళికూతురి భుజాల మీద అవి అలిగి కూర్చున్నట్టుంటుంది. కాబట్టి ఒకవైపు గీస్తుంటే రెండోవైపు అద్దంలోలాగా తిరగబడి గీతపడే యాప్ కావాలి. ఆ రెండూ బాగా ఉన్నది ఒక్కటే దొరికింది. ఏడాదికి డబ్బు కట్టేశాను. మా ఆయనకి చెప్పలేదు.

పాప నిద్రపోయిన అయిదు మధ్యాహ్నాలు కూర్చుని వేశాను. బాగా వచ్చిందని ఇప్పటికీ అంటాను. ఈకల్లో ఆరు రకాల ఆకుపచ్చలు వాడాను. తీగల కింద నీడ కూడా ఇచ్చాను.

అసలు సైజులో కాగితం మీద తీయించడానికి మా ఊళ్ళో ఫ్లెక్సీలు వేసే షాపుకి వెళ్ళాను. ఆ షాపాయన తెర మీద చూసి, "బర్త్‌డేనా మేడమ్? పాప ఫోటో మధ్యలో పెట్టమంటారా?" అన్నాడు.

"ఫోటో వద్దండి. ఇది బ్లౌజు డిజైను. పన్నెండు అంగుళాలు రావాలి."

పెంచి చూపించాడు. అంచులన్నీ చిన్న చిన్న గళ్ళుగా విడిపోయాయి. "ఫోటోలాగా దాచారు మేడమ్. పెంచితే పగులుద్ది. గీతలాగా దాచే యాప్‌లో వెయ్యాలి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యిందని తల ఊపాను. దూరం నుంచి చూస్తే పగుళ్ళు కనిపించవు కదా అనుకుని, అలాగే తీయించుకుని చుట్ట చుట్టుకున్నాను.

గురువారం పొద్దున పాపని తీసుకుని బస్సెక్కాను. సంచిలో ట్యాబ్లెట్, థర్మామీటరు, జ్వరం మందు, తడిగుడ్డ, రెండు నీళ్ళ సీసాలు, రెండు జతల బట్టలు పెట్టుకున్నాను. చిల్లకల్లు దాటి హైవే ఎక్కేసరికి పాప నిద్రపోయింది. నేను కాగితం చుట్ట నలగకుండా పైకి పట్టుకుని నందిగామ దాకా అలాగే కూర్చున్నాను. పక్క సీటావిడ, "జాతకమా అమ్మా?" అని అడిగింది.

అక్క కాగితం విప్పి, "అబ్బ! పటం కట్టించుకోవచ్చు అమ్మాయ్," అంది. నా ప్రాణం లేచొచ్చింది.

"మాస్టర్‌కి చూపించుదాం రా. ఆయన ఊ అంటే అయిపోయినట్టే."

మాస్టర్ అంటే అక్కడ మగ్గం పని చేసే పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. లోపలి గదిలో చెక్క చట్రాలకి బిగించిన పట్టుబట్టలు, వాటి ముందు చాపలు, చాపల మీద సూదులు, గిన్నెల్లో పూసలు, కుందన్లు. మూలన మూత లేని గిన్నెలో కిరసనాయిలు. మూడేళ్ళ పిల్లతో ఆ గదిలోకి అడుగు పెట్టిన తల్లికి ఏమనిపిస్తుందో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పూస ముక్కులో దూరితే నందిగామలో ఏ ఆసుపత్రి దగ్గరో ఆలోచిస్తూ పాపని చంకనెత్తుకున్నాను.

మాస్టర్ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించి, కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొమ్మ బాగుందమ్మా. నాకు గీత ఏదీ?"

"అదేనండీ."

"ఏదీ? ఈ నీలం ఎక్కడ ఆగింది, ఈ పచ్చ ఎక్కడ మొదలైందీ? సూది ఎక్కడ గుచ్చమంటావ్ నన్ను?"

నేను తెల్లబోయి చూస్తుంటే పాత కాగితం ఒకటి తీసి చూపించాడు. పల్చటి ట్రేసింగ్ పేపరు. దాని మీద ఒకే ఒక సన్నటి గీతతో తామరపువ్వు. గీత పొడుగునా సూదితో పొడిచిన బెజ్జాలు. దాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డముక్కతో రుద్దాడు. కాగితం ఎత్తితే బట్ట మీద చుక్కలు చుక్కలుగా తామరపువ్వు. "దీని మీద కుడతాం మేము. రంగు దారం ఇస్తుంది, నీడ పూస ఇస్తుంది. నువ్వు ఇయ్యక్కర్లా. నీ గీత ఇంత లావుంటే లోపలి అంచున పొడవాలా, బయటి అంచునా?"

ఆరు రకాల ఆకుపచ్చలు! మెడలో నీలం జారిపోవడానికే మూడు రోజులు పట్టింది నాకు.

"పైగా రెండు చేతులూ ఎందుకేశావ్?"

"బ్లౌజుకి రెండు చేతులుంటాయి కదండీ. నెమలి అటూ ఇటూ తిరగాలని..."

ఆయన తామరపువ్వు కాగితాన్ని మడత పెట్టినంత తేలిగ్గా వెనక్కి తిప్పాడు. బెజ్జాలకి వెనకా ముందూ ఉండవు. "ఇదుగో నీ రెండో చెయ్యి," అన్నాడు. పక్క చట్రం దగ్గర కుడుతున్నావిడ పకపకా నవ్వింది. "ఒక్క చెయ్యి చాలమ్మా మాకు. ఎవరూ చెప్పలా?"

అద్దం కోసం ఏడాదికి డబ్బు కట్టానని అక్కడెవరికీ చెప్పలేదు.

అక్క మొహంలో నవ్వు లేదు. గోడ గడియారం వంక చూసింది. "పెళ్ళివాళ్ళు మూడింటికి వస్తారు. అప్పటికి బట్ట మీద చుక్క కనపడాలి. విజయవాడాయనకి ఫోన్ చేస్తానమ్మాయ్, ఏమీ అనుకోకు. ఆయన దగ్గర పాతవుంటాయి, ఏదోటి పంపిస్తాడు."

పదకొండున్నరయింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. మూడు వారాలు వీడియోల్లో అందరి మాటా విన్నాను. నేను గీసినదాన్ని వాడేవాళ్ళెవరో వాళ్ళని మాత్రం, మీకేం కావాలి అని ఒక్క ఫోన్ చేసి అడగలేదు. చదువుకున్నదాన్ని అని పేరు.

"ఫోన్ చెయ్యకక్కా. ఇక్కడే కూర్చుని వేసిస్తా. రెండింటికి చూడు, నచ్చకపోతే అప్పుడు చెయ్యి."

"పిల్లతోనా?"

"పిల్లతోనే."

మూడు వారాల్లో తేలని సంగతి పావుగంటలో తేలింది. ఎందుకంటే ఇప్పుడు ఏం అడగాలో తెలుసు. గీత ఎక్కడా లావు మారకుండా సన్నగా పడాలి. ఎంత పెంచినా పగలకూడదు. ఫ్లెక్సీ షాపాయన గీతలాగా దాచాలన్నది దీని గురించేనని అప్పటికి బుర్రకెక్కింది. ఆ ముక్కలే కొట్టి ఫోన్ నెట్‌తో వెతికితే, బొమ్మలేసేవాళ్ళెవరూ తిరిగి చూడని బూడిదరంగు యాప్ ఒకటి వచ్చింది. నీటిరంగు లేదు. కుంచెలే లేవు. ఎవరికీ నచ్చలేదేమో, స్టార్లు మూడే. దించి గీయడం మొదలుపెట్టాను.

పాప ట్యాబ్లెట్ చూడగానే "నాకియ్యి, ఏనుగు!" అని ఏడుపు లంకించుకుంది. అక్క వచ్చి దాన్ని నా ఒళ్ళోంచి తీసుకుంది.

"అక్కా, పూసలు..."

"పూసలివ్వను."

"సూదులు కూడా..."

"నలుగుర్ని పెంచా తల్లీ. నీ గీత నువ్వు గీసుకో."

"ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే నాకు వెంటనే..."

"పిలుస్తా. నిన్ను కాక ఎవర్ని పిలుస్తా!"

బయటి గదిలో గుడ్డముక్కల సంచి బోర్లించి పాపని దాని ముందు కూర్చోబెట్టింది. మొదట్లో ఒక్కో ఈక అవగానే మెడ చాచి చూశాను. ఎర్రముక్కలన్నీ ఒకచోట పేర్చుతోంది. మళ్ళీ చూశాను. అక్క తలకి పట్టుముక్క కట్టించుకుని కూర్చుంది. ఆ తర్వాత తీగ మొదలుపెట్టాను. తీగ చేతి చివరిదాకా వచ్చాక గాని, అంతసేపూ పాప వైపు ఒక్కసారీ చూడలేదని నాకు తట్టలేదు. గబుక్కున లేచి వెళ్ళాను. గుడ్డల మీద పడి నిద్రపోతోంది. నుదురు తాకాను. చల్లగా ఉంది. అక్క నన్ను చూసి చేత్తో వెళ్ళమని సైగ చేసింది.

ఒంటిగంటన్నరకి చేతి గీత పూర్తయింది. ప్రింటు తీయిద్దామంటే కరెంటు పోయింది. పక్క జిరాక్సు షాపువాడు సాయంత్రం దాకా రాదన్నాడు. నేను నెత్తి పట్టుకుని కూర్చుంటే మాస్టర్ ట్యాబ్లెట్ తీసుకున్నాడు. చీకటి గదిలో తెర తెల్లగా వెలుగుతోంది. ట్రేసింగ్ పేపరు దాని మీద పరిచాడు. నా గీత కాగితంలోంచి పైకి కనిపించింది.

"కింద లైటుందిగా, ప్రింటెందుకు?" అని పెన్సిలు పెట్టాడు. పెట్టగానే నెమలి పక్కకి జరిగింది. చెయ్యి ఆనిస్తే ఉన్నట్టుండి రెండింతలైంది. "ఇదేందమ్మా, పారిపోతోందీ!"

"చెయ్యి ఆనిస్తే అట్లాగే అవుతుందండీ..."

"చెయ్యి ఆనకుండా ఎట్టా గీస్తార్రా నాయనా!"

ఆ బూడిదరంగు యాప్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. వేలు తాకినా తెర కదలకుండా బిగించే మీట ఒకటి దొరికింది. మాస్టర్ మెడలోని టేపు తీసి తెర మీద పెట్టాడు. "పెంచు... ఇంకాస్త... ఆఁ, ఆగు." బిగించాను. జాకెట్టు చెయ్యి మొత్తం తెరలో పట్టదు కాబట్టి పై సగం గీసుకున్నాక నాతో బొమ్మ జరిపించి మళ్ళీ బిగించమని, కాగితం కూడా జరిపి కింది సగం గీసుకున్నాడు. తర్వాత దిండు మీద పరిచి సూదితో పొడవడం మొదలుపెట్టాడు. టిక్ టిక్ మని ఆ చప్పుడు అరగంట సాగింది. నేను ఆయన వేళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాను. ఒకచోట ఆగి, "ఈ రెండు ఆకుల మధ్య సందు లేదు. పూస ఎక్కడ పెట్టాలి?" అని తనే ఒక ఆకుని కాస్త పక్కకి జరిపి పొడిచాడు.

తెల్లపొడి రుద్ది కాగితం ఎత్తాడు. మెరూన్ పట్టు మీద తెల్లటి చుక్కలతో నెమలి. కాగితం తిప్పి రెండో చేతి మీద రుద్దాడు. రెండూ ముందుకే చూస్తున్నాయి. అక్క పాపని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎవరూ బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. రెండున్నర దాటింది.

"ఏమంటారండీ?" ఉండబట్టలేక అడిగాను.

మాస్టర్ తల ఎత్తలేదు. కొత్త ట్రేసింగ్ పేపరు చింపి ట్యాబ్లెట్ పక్కన పెట్టాడు.

"చేతులయ్యాయిగా. వెనక మెడ ఏదమ్మా? వాళ్ళొచ్చేస్తారు, కూర్చో."

కూర్చున్నాను.